గంజి మీది మల్లెలు

మంగళకు నోరు లేదని నీలం నగర్‌లో ఎవరూ అనరు. ఆకు బాగా లేదంటే బీడీ కార్ఖానా గడప మీదే, ఆకు పంచే ముకద్దంను నిలబెట్టి కడిగేస్తుంది. అంతటి మనిషికి మామ ముందు ఒక్క మాట పెగల్లేదు. అదేమైనా పెద్ద మాటా? చీర తడపాలని చెప్పడమే!

ఆ చీర మామ సిద్ధరాములు నేసింది. ఆయన కూతురు స్వాతికి కడుపు రెండుసార్లు నిలవలేదు. ఈసారి ఏడో నెల వచ్చింది. కుంఠా నాకాలో అత్తగారింట్లో డోహాళే జేవణ్ పెట్టుకున్నారు. కడుపుతో ఉన్న పిల్లను పూలతో సింగారించి, ఇష్టమైనవన్నీ తినిపించి, ఒడి నింపే వేడుక. అందులో పుట్టింటి చీరే కట్టాలి. బజారు చీర అంటే సిద్ధరాములు ఊరుకుంటాడా? ఆకుపచ్చ నూలు తెచ్చి, తనే గంజి కాచి, పడుగుకు కుంచెతో పట్టించి, ఇంట్లో మిగిలిన ఒక్క మగ్గం ఎక్కాడు. అంచు దివ్యంగా వచ్చింది. పువ్వుల దగ్గరే కళ్లు మొరాయించాయి. నేసిన పువ్వును విప్పాడు, మళ్లీ నేశాడు, మళ్లీ విప్పాడు. చివరికి చీర సాదాగానే మగ్గం దిగింది.

జోడ్‌భావి పేట్‌లో క్లాసుకు పోయి మంగళ బట్టల మీద రంగులతో పువ్వులు వేయడం నేర్చుకుంది. దిండు గలీబుల మీద, రుమాళ్ల మీద వేసేది. మగ్గం మీద పుట్టని పువ్వు పువ్వెట్లయితదని మామ ఆమెకు వినపడేటట్టే గొణిగేవాడు. అలాంటి మనిషి ఆ రోజు చీర మడత తెచ్చి కోడలి ఒళ్లో పెట్టాడు.

"నాతోని అయితలేదు బిడ్డా. నీ చెయ్యి మంచిది. మల్లెపూలు వెయ్. స్వాతికి మల్లెలంటే పానం."

పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆయన నోట వినని మాట అది. మంగళకు కళ్లు చెమర్చాయి.

"నీళ్లు మాత్రం తగలనియ్యకు" అన్నాడాయన వెంటనే. "మార్కండేయుని ముందట పెట్టి, ఒడి నిండిందాంక గంజితోని కోరగనే ఉండాలె. ముందుగాలనే ముంచుడు మన ఇంట్ల లేదు."

క్లాసులో నేర్పిన మొదటి పాఠం ఆమెకు గుర్తుకొచ్చింది. కొత్త బట్టను నానబెట్టి గంజి వదిలించాకే కుంచె ముట్టాలి. లేకపోతే రంగు నూలును పట్టుకోదు, గంజి మీద కూర్చుంటుంది. మంగళ నోరు తెరిచింది. మామ ముఖం చూసింది. "మంచిది మామా" అంది.

అయినా మనసు ఒప్పక, పడుగు చివర మిగిలిన పీలిక మీద ఒక పువ్వు వేసి, ఆరాక ఇస్త్రీ చేసి, చెంబులో ముంచి చూసింది. మీగడ లేచినట్టు పువ్వు లేచి నీళ్ల మీదికి వచ్చేసింది. ఆ పీలికను ముడిచి పొయ్యిలో వేసి, చీర పరుచుకుని కూర్చుంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే, మీ గంజి పనికిరాదు, మీ ఇంటి పద్ధతి పనికిరాదు అన్నట్టవుతుందని భయం. అంతకంటే, ఒళ్లో పెట్టిన చీరను మళ్లీ తీసేసుకుంటాడేమోనని భయం. ఆ రెండో భయాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు.

గంజి మీద రంగు ఎంత బాగా నిలబడిందని! ఆకుపచ్చ మీద తెల్ల మల్లెలు మిలమిలలాడాయి. వేడుకలో ఆడవాళ్లంతా కొంగు పట్టి చూసేవాళ్లే. స్వాతి అత్త యమునాబాయి అయితే, ఈ పువ్వులకు వాసన ఒక్కటే తక్కువ అంది. పసుపు బియ్యంతో ఒడి నింపుతున్నప్పుడు మంగళ వంగి స్వాతి చెవిలో చెప్పింది.

"కాన్పు అయిందాంక దీన్ని ఉతకకు. నేను మొక్కుకున్న."

ఆ మొక్కు ఏ దేవుడికో మంగళకే తెలియదు. స్వాతి నవ్వి తలూపింది.

మరునాడు యమునాబాయి ఒడి మీద పసుపు మరక చూసింది. శుభ్రం మనిషి. కోడలు నిద్ర లేవకముందే చీరను బకెట్‌లో నానబెట్టింది.

మంగళ బీడీల చాట ముందు కూర్చోబోతుంటే స్వాతి ఫోన్ వచ్చింది. "వదినా, పువ్వులన్నీ రాలిపోయినయి" అని మాత్రం అంది. తర్వాత ఏడుపే వినిపించింది.

మంగళ లేచి వెళ్లి మగ్గం పక్కన నిలబడింది.

"మామా, స్వాతి చీరె మీది పువ్వులు పోయినయి. గంజి ఉండంగ రంగు నిలువదు. నాకు తెలిసే వేసిన."

సిద్ధరాములు కాలు తొక్కుడు పలక మీద ఆగిపోయింది.

"నాకు తెల్వదా బిడ్డా?" అన్నాడు తల ఎత్తకుండానే. "చిన్నప్పటిసంది నూలుకు రంగు అద్దినోన్ని. ముందుగాల రంగు, ఎనుక గంజి. నువ్వు అడుగుతవని చూసిన. అడిగితే సరే అందామనుకున్న. నా అంతట నేను ముంచుమందామంటే నోరు రాలె."

మంగళకు ఒళ్లు మండిపోయింది. మామ మీదనా, తన మీదనా అని తేల్చుకునే తీరిక లేదు. ఇద్దరూ ఆటో ఎక్కారు. దారంతా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

యమునాబాయి గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమె కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. "ఏం చేసిన్రే అన్నా? రెండుసార్లు పోయిన కడుపు. పొద్దుగాల నానబెట్టి మళ్లొచ్చి బకెట్ చూస్తె నా చేతులు కాళ్లు ఆడలే. అపశకున్ కాక ఇదేంది?"

"శకునం కాదు చెల్లే, గంజి" అన్నాడు సిద్ధరాములు. "గంజి వదలకుంట రంగు వేస్తె నీళ్లల్ల పోతది. ఇది అందరికి తెలిసిన ముచ్చటనే."

లోపల స్వాతి మంచం మీద లేచి కూర్చుంది. రెండు చేతులూ కడుపు మీదే ఉన్నాయి.

"అంటే మీకు తెల్సా బాపు?"

ఆయన గోడ వైపు తిరిగాడు.

"నీకూ తెల్సా వదినా?"

"తెల్సు" అంది మంగళ.

"తెలిసే కట్టిచ్చిన్రా?" స్వాతి గొంతు పెద్దగా లేవలేదు. అదే మంగళను కోసేసింది. "పొద్దటిసంది ఆ బకెట్‌ల తేలుతున్నవి నాకు పువ్వుల లెక్క కనవడ్తలేవు. మళ్లీ పోతదా అని దేవునితోని కొట్లాడుతున్న. ఒక్క మాట చెప్తే మీ నోటి ముత్యాలు రాలిపోవునా?"

మంచం పక్కనే చతికిలబడిన మంగళకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తప్పయింది అనడానికి కూడా సిగ్గేసింది. మామ గోడకేసి చూస్తున్నాడు.

స్వాతి నెమ్మదిగా మంచం దిగింది. యమునాబాయి పట్టుకోబోతే వద్దంది. బకెట్ దగ్గరికి వెళ్లి చీరను నీళ్లు కారుతుండగానే ఎత్తి తెచ్చి, మంగళ ఒళ్లో పడేసింది.

"ఇప్పుడు గంజి పోయింది కద? వెయ్యి. నా కండ్ల ముందటనే వెయ్యి."

"రంగులు ఇంట్ల ఉన్నయి."

"పోయి తే. నేను ఈడనే కూసుంట."

మంగళ తడి చీరతో లేచి, ముందు దాన్ని ఆరేయడానికి వాకిట్లోకి నడిచింది. చీర బరువుకు ఒక కొస నేల మీద జీరాడుతోంది. సిద్ధరాములు వంగి, ఆ కొస కోసం చేత్తో తడుముకుని పట్టుకుని, పిండడం మొదలుపెట్టాడు.