కేతకి కట్టిన గోడ

మంచం కింద పదేళ్లుగా దుమ్ము తింటున్న కాలేజీనాటి కంప్యూటర్‌ను కేతకి బయటికి లాగిన రోజే, వాళ్లమ్మ అరిసెల్లాంటి అనార్సాలకి బియ్యం నానబోసింది. అధికమాసం మరి, సాంగ్లీలో ఏ వీధిలో చూసినా అల్లుళ్ల మర్యాదలే. తమ ఇంటికి అల్లుడన్నవాడు లేనట్టేగా, దేవుడి నైవేద్యానికి కాబోలనుకుని కేతకి తన పనిలో పడింది.

శ్రీరంగ్‌ను వదిలి వచ్చి ఎనిమిది నెలలు. అతను విరిచిన చెయ్యి అతుక్కుంది, విడాకుల కేసు నడుస్తోంది, మనిషి మాత్రం వదల్లేదు. నిన్న ఎన్నింటికి ఇల్లు చేరావు, ఏ చీర కట్టావు, జ్వరానికి ఏ మాత్ర వేసుకున్నావు, అన్నీ సందేశాలుగా పంపేవాడు. ఒక నంబర్ ఆపితే ఇంకో నంబర్. ఈ ఇంట్లో వైఫై పెట్టించిందీ, గుమ్మానికి కెమెరా బిగించిందీ అతనే, పెళ్లైన కొత్తలో, అత్తగారి మీద ప్రేమకొద్దీ. అందులోంచే చూస్తున్నాడని కేతకి నమ్మకం. పాలిటెక్నిక్‌లో నెట్‌వర్కుల పాఠం చెప్పే మనిషి ఇంకెలా ఆలోచిస్తుంది?

వచ్చే గురువారం నాసిక్‌లో ఇంటర్వ్యూ. ఆ ఉద్యోగం వస్తే చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోవాలి. అతనికి తెలిసిందా, అక్కడికీ వస్తాడు. అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పాత డిస్కు తుడిచేసి ఫైర్‌వాల్ ఎక్కించింది. పాతసామాన్ల కొట్లో వెతికి రెండో నెట్‌వర్క్ కార్డు తెచ్చి బిగించింది. ఒక తీగ బయటి లోకానికి, ఒక తీగ ఇంటికి, మధ్యలో ఈ డబ్బా కాపలా. పిలవకుండా బయటినుంచి వచ్చే దేన్నీ రానివ్వదు. లోపలున్నవాళ్లని ఏమీ అడగదు. ఆదివారానికి పని అయింది. కెమెరా పీకేసి, పాస్‌వర్డ్ మార్చి, అమ్మ భజనలు చూసుకోవాలి కదా అని చీటీ మీద రాసిచ్చింది.

"ఏంటే ఇది, పిండిమరలా ఆ రొద?" అంది అమ్మ, బియ్యప్పిండిలో బెల్లం కలుపుతూ.

"గోడ, ఆయీ. దొంగలు రాకుండా."

"మనింట్లో ఏముందనే దొంగలకి? నా మోకాళ్ల నొప్పులెత్తుకుపోతే పుణ్యం!"

కేతకి నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది.

తిప్పికొట్టినవాటి చిట్టా తెర మీద గంటకి వందల లెక్కన పెరుగుతోంది. ఊరూ పేరూ లేని యంత్రాలు లోకంలో ప్రతి గుమ్మాన్నీ ఇలాగే తడుతుంటాయని తరగతిలో తనే చెబుతుంది. ఇప్పుడు మాత్రం తట్టిన ప్రతివాడూ శ్రీరంగే అనిపించి కడుపు నిండిపోయింది. మూడు రోజులు ఒక్క సందేశం లేదు. పిచ్చిది, గెలిచాననుకుంది.

బుధవారం సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో మగవాళ్ల చెప్పులున్నాయి. శ్రీరంగ్ హాల్లో కూర్చుని తాపీగా ఫోన్ చూసుకుంటున్నాడు. కేతకి నేరుగా వంటింట్లోకి వెళ్లింది.

"ఎందుకు రానిచ్చావు?"

"నేనే రమ్మన్నా. అధికమాసం అల్లుడికి పెట్టుకోకపోతే ఎలాగే? కోర్టు ఇంకా తేల్చలేదుగా. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తారు పాపం, నీ గురించే అడుగుతారు. ఈ మూడు రోజులూ ఊళ్లో లేరట."

"రోజూనా? ఏం చెప్పేదానివి?"

"అడిగిందే చెప్తా. నాకు దాపరికాలు రావమ్మా."

"నా చెయ్యి విరిచాడు, ఆయీ."

"అతుక్కుందిగా."

"నాసిక్‌లో మా అత్త ఉంది కేతకీ" అన్నాడు శ్రీరంగ్ హాల్లోంచి. "రేపు నేనే కారులో దిగబెడతాలే. ఇల్లు కూడా చూసుకుందాం."

ఆమె వంటింటి గుమ్మంలోంచి హాల్లో ఉన్న డబ్బా తెర వైపు చూసింది. లోపలివాళ్ల జాబితాలో తన ఫోనూ అమ్మ ఫోనూ, రెండు పేర్లుండాలి. మూడున్నాయి. మూడోది శ్రీరంగ్ ఫోన్.

"నెట్ కావాలన్నారు, చీటీ ఇచ్చా" అంది అమ్మ. బయటివాళ్ల చిట్టా పక్కన పరిగెడుతూనే ఉంది. అందులో ఒక్కణ్ణి కూడా డబ్బా లోపలికి రానివ్వలేదు.

అమ్మ రాగిపళ్లెంలో ఆచారం ప్రకారం ముప్పైమూడు అనార్సాలు పేర్చి, దీపం వెలిగించి తెచ్చింది.

"ఆ రొదేంటి ఆయీ?" అన్నాడు శ్రీరంగ్.

"ఏదో గోడట అల్లుడుగారూ, దొంగలు రాకుండా."

"మంచి పని చేసింది" అన్నాడు, పక్కకి జరిగి చోటిస్తూ.

"నిలబడ్డావేంటే? కూర్చో. లక్ష్మీనారాయణుల్లా ఇద్దరికీ కలిపి హారతివ్వాలి."

దీపం ఆరిపోతుందని అమ్మ తొందరపెట్టింది. కేతకి కూర్చుంది. అతుక్కున్న చెయ్యి అతని వైపే ఉంది.