అట్టపెట్టెలో ఒరిజినల్

హాతీరాంకు తన లారీ మీద ఎంత ప్రేమో, కంపెనీ పేరు మీద అంత భక్తి. ఒక్క నట్టు ఊడినా కొత్తగూడెం షోరూం నుంచే తేవాలి. బయటి పార్టు పేరెత్తితే చాలు, కూరలో ఈగ పడ్డట్టు మొహం పెడతాడు. ములకలపల్లి అవతలి వాళ్ల తండాలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఎవరైనా ఉంటే తనే కూర్చోబెట్టి చెబుతాడు.

అలాంటి మనిషి ఆ రోజు కూతురు భార్గవిని పరీక్షకు తీసుకెళ్తున్నాడు. ఖమ్మం శివారు కాలేజీలో మూడింటికి ఇంజనీరింగు ఎంట్రన్సు. ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు మూసేస్తారు, కాళ్లావేళ్లా పడ్డా తెరవరు. కిందటేడు సరిగ్గా పరీక్ష రోజే జ్వరంతో మంచం పట్టిన పిల్ల, ఈ ఏడంతా పుస్తకం వదల్లేదు. తీరా బయలుదేరితే బస్సు రాలేదు.

"బస్సును నమ్ముకుంటే గింతే బిడ్డా! మన బండెక్కు. అన్నీ ఒరిజినల్ పార్టులే" అని ఖాళీ లారీలో ఎక్కించుకున్నాడు.

జూలూరుపాడు పొలిమేరకు వచ్చేసరికి ఇంజన్‌లో ఫట్‌మంది. వేడి చూపించే ముల్లు పైపైకి లేచింది. దిగి చూస్తే ఏముంది, ఫ్యాన్ బెల్టు తెగి వేలాడుతోంది. టైము ఒకటీ ఇరవై.

అదృష్టం బాగుండి ఎదురుగానే వనజ స్పేర్ పార్టుల దుకాణం. పొగలు, తెగి వేలాడే బెల్టు చూసి, ఆవిడే కొత్త బెల్టు పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది.

"లోకల్ బెల్టు ఉందన్నా. సైజు సరిపోతది. జల్దీ ఎక్కించుకో."

"డూప్లికేట్ నా బండికి ఎక్కది చెల్లె."

"డూప్లికేట్ ఏందన్నా? వేరేటోళ్ల పేరు దొంగతనంగ అచ్చేసుకుంటే డూప్లికేట్. ఇది తన పేరుతోనే వచ్చింది. నేనే ఎన్నో బండ్లకు ఇచ్చిన."

"ఏ పేరైతే నాకేంది! రెండేండ్ల సంది సీటు కింద ఒరిజినల్ దాచి పెట్టిన."

హాతీరాం అట్టపెట్టె తీసి, దుమ్ము ఊది, కళ్లకద్దుకున్నాడు. మెరిసే కంపెనీ స్టిక్కరు వనజకు చూపించి, పెళ్లికూతురి మేలిముసుగు తీసినట్టు మెల్లగా మూత తీశాడు.

లోపల ఒళ్లంతా పగుళ్లు బారి, అంచులు పీచులు లేచిన పాత బెల్టు!

అయ్యో రాత! మన మెకానిక్ షెడ్లలో కొత్త పార్టు బిగించి, తీసిన పాతదాన్ని అదే పెట్టెలో పెట్టి ఓనరు చేతికిస్తారు, మార్చామనడానికి రుజువుగా. రెండేళ్ల కిందట మేస్త్రీ వెంకటనారాయణ అది మరిచిపోతే, హాతీరామే గొడవపడి మరీ పెట్టించుకున్నాడు. తర్వాత లోపల ఉన్నదేమిటో మరిచిపోయి, పెట్టె మీది పేరొక్కటే గుర్తుంచుకున్నాడు.

వనజ నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. భార్గవి మాత్రం నవ్వలేదు. హాల్‌టికెట్ మీది టైము మీద వేలు పెట్టి చూపించింది.

"బాపూ, గేటుకాడ ఒరిజినలా లోకలా అని అడగరే. టైమే చూస్తరు."

హాతీరాం టక్కున పెట్టె మూసేశాడు. తన గొప్పకు పిల్ల ఏడాది కష్టం గంగపాలయ్యేలా ఉంది.

"ఇటియ్యి చెల్లె" అన్నాడు.

చేతులు చురుక్కుమంటున్నా బెల్టు ఎక్కించి బిగించాడు. ఇంజన్ చల్లబడ్డాక వనజ రేడియేటర్లో నీళ్లు పోసింది. దారి పొడుగునా ఆయన చెవి బెల్టు మీదే. డూప్లికేట్ అన్న నోటితోనే "పోనియ్యి తల్లీ, ఇయ్యాల ఒక్కరోజు పోనియ్యి" అని దాన్ని బతిమాలుకున్నాడు. గేటు మూయడానికి ఆరు నిమిషాలున్నాయనగా భార్గవి లోపలికి పరుగెత్తింది. హాతీరాం స్టీరింగు మీద తలవాల్చి, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

వారం తర్వాత షోరూం నుంచి ఒరిజినల్ బెల్టు తెచ్చి వేసుకున్నాడనుకోండి. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? కానీ వనజ ఇచ్చిన బెల్టును గుడ్డతో తుడిచి, పాతదాన్ని అవతల పారేసి, ఆ పెట్టెలో తనే పెట్టాడు.

"లోపల ఏముందో పెట్టె మీద రాయి బిడ్డా, మళ్ల మరిచిపోత."

భార్గవి పెన్ను తీసింది. "లోకల్ బెల్టు అని రాయాల్నా?"

హాతీరాం తల అడ్డంగా ఊపాడు.

"నా బిడ్డను గేటు దాటించిన బెల్టు అని రాయి."