నాలుగో అల

మా అమ్మాయి కన్నుమూసిన పంతొమ్మిదో నాటి ఉదయం, ఆమెతో కలిసి పనిచేసిన పిల్ల ల్యాప్‌టాప్ గుండెకు హత్తుకుని వచ్చి గుమ్మంలో నిలిచింది.

"ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ. అక్క మొదలెట్టిన వ్యాసం సగంలో ఆగిపోయింది. పూర్తి చేసిస్తే ఆవిడ పేరుతోనే వేస్తామన్నారు. అక్క నోట్సు మీ దగ్గరేమైనా ఉందా?"

నోట్సు నా బల్లమీదే ఉన్నది. ఆసుపత్రివారు సంచితో పాటు అప్పగించినది. అంతవరకు తెరవని దానిని ఇప్పుడు తెరిచాను.

వెబ్‌సైట్లు తయారుచేసే సాధనాలు నాలుగింటిని మా అమ్మాయి సరిపోల్చుతున్నది. పుటలో ఒక భాగానికీ మరొక భాగానికీ నడుమ అవి అమర్చే అలంకార రేఖలే ఆమె విషయం: అల, వాలుగీత, మబ్బు, కొండల వరుస. ఏది ఎత్తు తగ్గించనిస్తుంది, ఏది తలకిందులు చేయనిస్తుంది, ఫోనులో ఏది చెదరక నిలుస్తుంది. నోట్సులోని పట్టికలో మూడు వరుసలు నిండి ఉన్నాయి. నాలుగవది ఖాళీ.

"పాపం, ఒక్కదానికీ పూర్తి మార్కులు వెయ్యలేదు చూశారా!" అని ఆ పిల్ల నవ్వబోయింది. "అడిగితే, మా నాన్న నాకెప్పుడైనా వేశారా, అనేది."

నిజమే. ఈ గీతల కోసమే రెండేళ్ల క్రితం మా అమ్మాయి కళాశాల ఉద్యోగం మానుకున్నది. "ఇన్ని కావ్యాలు చదివించింది గీతలు గీసుకోవడానికా?" అన్నాను.

"కావ్యంలో ఒక్కో ఆశ్వాసం చివర పద్యం వృత్తం మారుస్తారు కద నాన్నా! చదివేవాళ్లు ఊపిరి పీల్చుకోవడానికని మీరే చెప్పారు. నేను చేసేదీ అదే."

నేను ముఖం తిప్పుకున్నాను. తిప్పిన ముఖాన్ని మరల ఇటు తిప్పలేదు. నిత్యం దైవసన్నిధిలో క్షమాగుణాన్ని స్తుతించే నోటితో కన్నబిడ్డను ఒక్కసారైనా పలుకరించలేదు.

ఆ పిల్ల నాలుగో సాధనంలో మా అమ్మాయి సిద్ధం చేసుకున్న పరీక్షపుట తెరిచింది. "అన్నిటికీ ఒకటే పరీక్ష. పైన పద్యం, కింద నీలం అల."

పద్యం నాది. ఆమె పసితనంలో నిద్రపుచ్చడానికి అల్లినది.

"ఈ పుట నేను చూశానమ్మా. పోయిన నెల నా ఫోనుకు లింకు పంపింది. నా పద్యాన్ని తన గీతలకు నమూనాగా వాడుకుంటున్నదని కోపం వచ్చి మూసేశాను."

"మరి దీని కిందున్న మాటో?"

"ఏ మాట?"

ఆ పిల్ల చదవబోయి ఆగిపోయింది. ల్యాప్‌టాప్ నావైపు తిప్పింది. పద్యానికీ అలకూ నడుమ ఒక పంక్తి ఉన్నది.

"నాన్నా, కోపం తగ్గితే ఒక్కసారి ఫోన్ చెయ్యండి. మాట్లాడక్కర్లేదు, మోగితే చాలు."

నా ఫోను తెచ్చి అదే లింకు తెరిచాను. పద్యం ఉన్నది, అల ఉన్నది. పంక్తి లేదు. ఆ పిల్ల రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"చిన్న తెరలో దీని అల ఎత్తు తగ్గట్లేదు బాబాయ్ గారూ. పైకెక్కి చివరి పంక్తిని కప్పేస్తోంది. ఫోను పరీక్ష అక్క ఎప్పుడూ ఆఖర్న చేసేది. కంప్యూటర్లో చూసుకుని పంపేసినట్టుంది."

లింకు వచ్చిన తేదీకీ ఆమె జ్వరంతో మంచం పట్టిన తేదీకీ నడుమ పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ నేను చదివి ఊరుకున్నాననే అనుకున్నది.

"ఈ వరుస వదిలేద్దాం. మూడింటితోనే పంపేస్తాను" అన్నది ఆ పిల్ల, కళ్లు తుడుచుకుంటూ.

"మూడు పాదాలతో పద్యం ముగియదమ్మా. కలం ఇలా ఇయ్యి."

ఆ పిల్ల ఒక్కొక్కటే పరీక్షించి చెప్పగా, మా అమ్మాయి దస్తూరీ కింద నా దస్తూరీతో గడులు నింపాను. ఎత్తు: కంప్యూటరులో మార్చవచ్చును. తలకిందులు: చేయవచ్చును. చివరి గడిలో, ఎవరూ చెప్పకుండానే రాశాను: ఫోనులో చివరి పంక్తిని కప్పివేయును.

ఆ పిల్ల వెళ్లిపోయిన తరువాత మా అమ్మాయి నంబరు నొక్కాను.

మోగలేదు.