గుండుసూదుల మీద ఏరు

ఆఫీసు తెరవగానే అటెండరు కిటికీలు తీస్తాడు, కూజా నింపుతాడు, తర్వాత గోడ మీది గీత ఎక్కడుందో చూస్తాడు. ఆ గీత ఊరి పక్క ఏటిది. వంద సీసాలు ముంచితే ఎన్నింట్లో నీళ్లు శుభ్రంగా ఉన్నాయో చెబుతుంది. ఎవరు ఎంత ఎత్తున గీసినా, ఏరు నిజంగా ఎంత శుభ్రంగా ఉందో అక్కడికి జారిపోతుంది. కారే కుళాయికి అలవాటు పడ్డట్టు అందరూ దానికి అలవాటు పడిపోయారు.

ఈ నెల మాత్రం డైరెక్టరు దాన్ని అరవై రెండుకి ఎత్తించి, జారకుండా వరసగా గుండుసూదులు గుచ్చించాడు. దేశాలన్నీ కలిసి పెట్టుకున్న లక్ష్యాల్లో ఏరు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి ఇవాళ తనిఖీ అధికారిణి వస్తోంది. అరవై దాటితే ఒడ్డు వీధికి మంచినీళ్ల ట్యాంకరు ఆపేస్తారు. ముప్పై లోపుకి పడిపోతే రెండోది కూడా పంపుతారు.

నీళ్లు పరీక్షించే ఆవిడని అందరూ సీసాలమ్మ అంటారు. ఆవిడ అక్క ఇల్లు ఆ వీధి చివర. ట్యాంకరు అక్కడికి చేరేసరికే అడుగంటుతుంది. అలాంటి రోజుల్లో ఏటి నీళ్లే తాగి అక్క మనవరాలు రెండుసార్లు ఆసుపత్రి పాలైంది. ఉన్న ఒక్కటీ ఆగితే ఆ పిల్ల గతేమిటని సీసాలమ్మకి పొద్దుటి నుంచి ఒకటే దిగులు.

"సంతకం పెట్టమ్మా, ఇంకెంతసేపు?" అన్నాడు డైరెక్టరు.

"సార్, పోయిన నెల దాకా ఫ్యాక్టరీ మురుగు కాలువ ఏట్లో కలిసే చోటికి కింద ముంచేవాళ్లం. ఇప్పుడు పైన ముంచుతున్నాం."

"పైనా ఏరే, కిందా ఏరే. కిందే ముంచాలని ఎక్కడైనా రాసుందా?"

"లేదు సార్."

"మరింకేం?"

నిజంగానే ఎక్కడా రాసి లేదు. అందుకే ఆవిడకి ఒళ్లు మండింది.

అధికారిణి రానే వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని గోడ వంక చూసింది.

"ఇన్ని సూదులెందుకు?"

"పాత గోడండీ," అన్నాడు డైరెక్టరు.

ఆవిడ తలూపి కాగితాలు తిరగేసింది. "పరీక్షించినవారి సంతకం లేదే?"

సీసాలమ్మ లేచింది. సంతకానికి వెళ్లాల్సిన మనిషి గోడ దగ్గరికి వెళ్లి సూదులు పీకడం మొదలుపెట్టింది. అటెండరు వచ్చి సూదుల కోసం దోసిలి పట్టాడు.

గీత జారింది. యాభై దాటింది. నలభై ఒకటి దగ్గర ఆగుతుందనుకుంది సీసాలమ్మ. వారం కిందట కాలువ కింద తనే ముంచి చూసుకున్న లెక్క అది. గీత ఆగలేదు. ఇరవై తొమ్మిదికి దిగి నిలబడింది.

సీసాలమ్మకి సిగ్గుతో తల వాలిపోయింది. ఆ రోజు ముంచింది మెట్లున్న చోట. అక్కావాళ్లు బిందెలు ముంచుకునే రేవులో బురదని, చీర పాడవుతుందని దిగలేదు.

కాగితం మీద అరవై రెండు కొట్టేసి, ఇరవై తొమ్మిది రాసి సంతకం పెట్టింది. అధికారిణి దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

"రేపటి నుంచి నీకు ఆఫీసులో కుర్చీ లేదు," అన్నాడు డైరెక్టరు. "ఏట్లోనే ఉండి సీసాలు ముంచుకో."

"అలాగే సార్. రేవులోనే ముంచుతాను."

పై వారం మోకాళ్ల లోతు బురదలో నిలబడి సీసా ముంచుతుంటే ట్యాంకరు హారను వినిపించింది. కాసేపటికి ఇంకోటి. సీసాలమ్మ తలెత్తి చూసింది. రెండోది వీధి చివరి నుంచి నీళ్లివ్వడం మొదలుపెట్టింది.