గోధుమ కంకుల తెల్లగౌను

పెనం మీద దోసె ఎర్రబడేలోపు కృప శాంతి వదిన పేజీని మూడుసార్లు చూసింది. మొదటిసారి చూడకూడదనుకుంటూనే చూసింది. రెండోసారి రాత్రికీ పొద్దుటికీ ఎన్ని లైకులు పెరిగాయో చూసింది. మూడోసారి మాత్రం అచ్చంగా కుళ్ళుకోవడానికే చూసింది. ఈలోపు దోసె మాడింది. మాడిన దోసె తన పళ్ళెంలో వేసుకుని సాల్మన్‌కి ఇంకొకటి పోసింది. ఆ ఇంట్లో మాడినదీ విరిగినదీ చల్లారినదీ చేరేది ఆ పళ్ళెంలోకే కాబట్టి దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

"చట్నీలో ఉప్పు చాల్లేదు" అన్నాడు సాల్మన్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

ఉప్పు డబ్బా అతని ముందు పెట్టి, తన ఫోన్ కూడా పక్కనే పెట్టింది. "ఇది చూడండి. వదిన కొత్తగా పెట్టిన గౌను. అంచు చూడండి."

తెల్లటి పసిబిడ్డ గౌను అది. చర్చిలో పాస్టరుగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చేసే ప్రతిష్ఠ రోజున వేసేది. అంచున తెల్లదారంతోనే కుట్టిన మూడు గోధుమ కంకులున్నాయి. ఆ కంకులు కృపవి. ఒంగోలులో నర్సుగా చేసిన వాళ్ళమ్మ, తన చేతుల మీదుగా పుట్టిన బిడ్డల కోసం చిన్న చిన్న చొక్కాలు కుట్టి వాటి మీద వేసేది అవి. తెలుపు మీద తెలుపు కాబట్టి దూరానికి కనపడవు, బిడ్డను ఎత్తుకున్నవాళ్ళ వేళ్ళకి మాత్రమే తగులుతాయి.

"నాది చూసి కుట్టారు" అంది కృప.

"గోధుమ కంకుల్ని నువ్వు కనిపెట్టావా? బైబిల్లోనే ఉన్నాయి" అన్నాడు సాల్మన్. తన మాటకి తనే నవ్వుకున్నాడు. "అయినా మా అక్క బాగుపడితే మనం బాగుపడ్డట్టు కాదా? నీకీ మధ్య ఓర్వలేనితనం ఎక్కువైంది కృపా. కాస్త ప్రేయర్‌లో పెట్టుకో."

అతనికి బాక్సూ, పాపకి బాక్సూ కట్టి, పాపని స్కూలు వ్యాను ఎక్కించి, గిన్నెలు తోముతూ ఆలోచించింది కృప. ఓర్వలేనితనమే. కాదని ఎవరన్నారు? శాంతి వదినంటే కడుపుమంట. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆమె ఫ్లాటు కిటికీలోంచి పడే ఎండంటే కూడా కడుపుమంట. ఆ ఎండలో పెడితే మామూలు మల్లు గుడ్డ కూడా పెళ్ళికూతురి గౌనులా కనపడుతుంది. కుందలహళ్ళిలో తమ అద్దె ఇంటికి ఉన్న ఒక్క కిటికీ పక్క బిల్డింగు గోడను చూస్తుంది. ఇక్కడ పట్టపగలు ట్యూబులైటు వేసి ఫోటో తీస్తే తెలుపు కాస్తా పచ్చబడిపోతుంది. అన్నిటికంటే ఎక్కువగా వదిన భర్త దానియేలు అన్నయ్యని చూస్తే ఏడుపొచ్చేది. వదిన ఫోటోలు తీస్తుంటే ఆయన వెనకాల తెల్లదుప్పటి చేతులు చాపి పట్టుకుని నిలబడతాడు. ఒక ఫోటోలో దుప్పటి పైన ఆయన వేళ్ళు కూడా పడ్డాయి. ఆ వేళ్ళ ఫోటోని కృప పెద్దది చేసి మరీ చూసింది. "బావకి వేరే పని లేదు" అనేవాడు సాల్మన్.

వంకర లేకుండా ఆలోచిస్తే తనకేం తక్కువ? కుట్టు బాగుంటుంది. అది గర్వం కాదు, నిజం. వదిన కుట్టు నీటుగా ఉంటుంది, అంతే. మరి ఆమె పేజీలో వారానికి ఇద్దరు ముగ్గురు కొత్త పసిబిడ్డలు నవ్వుతుంటే, తన పేజీ ఎనిమిది నెలలుగా ఎందుకు నోరు తెరవలేదు? ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఈ ఆదివారం పేజీ తీసేయమని సాల్మన్‌కి చెప్పాలని, కుట్టుమిషను కూడా ఎవరికైనా ఇచ్చేయాలని అనుకుంది. ఇద్దరు మనుషులు పట్టని ఇంట్లో దాని చోటులో బట్టలు ఆరేసుకోవచ్చు.

పన్నెండింటికి, మడత పెట్టాల్సిన బట్టల గుట్ట ముందు కూర్చుని, ఫోన్‌లో ఒక ఉచిత క్లాసు పెట్టుకుంది. ఇంటర్నెట్ మార్కెటింగ్‌లో కొత్తవాళ్ళు చేసే పొరపాట్లట. బెజవాడ యాసలో ఒకమ్మాయి హుషారుగా చెప్తోంది.

"పేరు చూడగానే ఏం అమ్ముతున్నారో తెలియాలండీ" అంది ఆ అమ్మాయి. కృప పేజీ పేరు 'ఎబెనెజరు గార్మెంట్స్ అండ్ జనరల్ టైలరింగ్'. పెట్టింది సాల్మన్. చూసినవాళ్ళు ప్యాంట్లు కుట్టే షాపనుకుంటారు. "అందరికీ అమ్మాలనుకుంటే ఎవరికీ అమ్మలేరు" అంది. డబ్బు కట్టి ప్రకటన వేసినప్పుడు సాల్మన్ దేశం మొత్తానికీ, ఆడా మగా అందరికీ కనపడేలా పెట్టాడు. ఊరూ పేరూ తెలియని మగాళ్ళు గౌను ఫోటో కింద 'హాయ్ డియర్' అని పెట్టారు. సాల్మన్ ఆఫీసులో సుధీర్ అనే అతను ఎక్కడినుంచో వెయ్యిమంది ఫాలోవర్లని తెచ్చిపెట్టాడు. ఆ వెయ్యిమందిలో ఒక్కరికీ పసిబిడ్డ ఉన్నట్టు లేదు. "సంబంధం లేని గ్రూపుల్లో ఫార్వర్డులు చేయకండి" అనగానే కృప చేతిలో చొక్కా మడత ఆగిపోయింది. చర్చి స్త్రీల గ్రూపులో పొద్దున వాక్యం కిందే రోజూ గౌను పెట్టింది తను. నాలుగోరోజు పాస్టరమ్మగారు ఫోన్ చేసి, "సిస్టర్, ఇది ప్రేయర్ గ్రూపమ్మా" అన్నారు మెల్లగా. ఆ మెల్లదనమే ఎక్కువ గుచ్చుకుంది.

ఇవన్నీ శాంతి వదిన చేసి ఉండదు. చదువుకున్నది, తెలివిగలది. మళ్ళీ కుళ్ళు.

చివర్లో ఆ అమ్మాయి అంది. "ఒక్కసారి మీరే కస్టమరై చూడండి. వేరే ఫోన్‌లోంచి మీ పేజీ నంబరుకి మెసేజ్ పెట్టండి. ఎంతసేపటికి జవాబొస్తుంది, ఏమని వస్తుంది చూసుకోండి. చాలామంది ఈ ఒక్క పనీ చేయరు."

పేజీ మీద ఉన్నది సాల్మన్ నంబరు. "ఆడవాళ్ళ నంబరు నెట్‌లో పెడితే రకరకాల వెధవలు ఫోన్ చేస్తారు. నాది పెడతా. ఆర్డరొస్తే చెప్పనా నీకు?" అన్నాడు ఆ రోజు. కృప మురిసిపోయింది. ఒంగోలు ఫోన్ చేసి, "ఆయన నన్నెంత జాగ్రత్తగా చూసుకుంటారో అమ్మా" అని చెప్పుకుంది. 'హాయ్ డియర్'లు వచ్చినప్పుడు "చూశావా, నేను చెప్పలేదా?" అంటే, నిజమే కదా అనుకుంది.

కిందింట్లో ఉండే ఇంటి ఓనరు చౌడమ్మ దగ్గరికి వెళ్ళింది. కుందలహళ్ళిలో ఆఫీసులు రాకముందు, రాగి చేలున్నప్పటి నుంచీ ఉన్న మనిషి చౌడమ్మ.

"ఫోనా? ఉండాది, తీసుకో. ఏం చేస్తావప్పా దాంతో?"

"నా పేజీకే మెసేజ్ పెడతా అవ్వా. మా మనవరాలికి గౌను కావాలని."

"నాకు మనవరాలే లేదు కదే! సుమ్నే, ఊరికే అబద్ధాలు ఆడేదానికి నా ఫోనే దొరికిందా నీకు?" అంటూనే ఇచ్చి, టీ పెట్టడానికి లేచింది.

మా మనవరాలి ప్రతిష్ఠకి గోధుమ కంకుల గౌను కావాలి, ఎన్నిరోజుల్లో ఇస్తారు, అని కొట్టింది కృప. పగలు తను ఫోన్ చేస్తే సాల్మన్ ఎత్తడు. పాపకి జ్వరమొచ్చి స్కూలువాళ్ళు పిలిచిన రోజు కూడా 'మీటింగ్' అని ఒక్క ముక్కే వచ్చింది. సాయంత్రానికైనా చూస్తాడులే అనుకుంది.

టీ పొంగకముందే జవాబొచ్చింది.

"నమస్కారం అండి. ప్రస్తుతం ఆర్డర్లు తీసుకోవడం లేదు. కుట్టే ఆమెకి ఆరోగ్యం బాగాలేదు. ఇవే డిజైన్లు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అక్కగారు చేస్తారు. ఈ నంబరుకి పంపండి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక."

కింద శాంతి వదిన నంబరు.

అంత పొడుగు మెసేజ్ అంత తొందరగా ఎవరూ కొట్టలేరు. ముందే రాసి పెట్టుకున్నాడు. ఎవరడిగినా అదే పంపుతున్నాడు. కృప రెండోసారి చదివింది. 'కుట్టే ఆమె' దగ్గర ఆగింది. ఎనిమిది నెలలుగా ఎంతమందికి తను ఇలా పేరు లేని రోగిష్ఠిదానిలా పరిచయమైందో!

"ఏమంటాండాడు మీ ఆయప్ప?" చౌడమ్మ టీగ్లాసు చేతికిచ్చింది.

"నాకు ఒంట్లో బాలేదంట అవ్వా."

"గుండ్రాయి మాదిరి ఉండావు కదే! ఎవురికి బాలేదు?"

ముందు నవ్వొచ్చింది. తర్వాత శాంతి వదిన పేజీలోని పసిబిడ్డలు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. కళ్ళు విప్పని కవలలు. బుగ్గసొట్ట పాప. గౌను కొస నోట్లో పెట్టుకున్న బోసినోటి పిల్ల. వాళ్ళందరూ ముందు తన గుమ్మానికే వచ్చారు. తలుపు తీసినతను తను ఇంట్లో లేదని చెప్పి పంపేశాడు. ఎనిమిది నెలలుగా తన ఆర్డర్లని చూసుకుని తనే కుళ్ళి చచ్చింది.

అక్కడే మెట్ల మీద కూర్చుని, తన ఫోన్‌లోంచి శాంతి వదినకి చేసింది.

"వదినా, మీరు కొత్తగా పెట్టిన కంకుల గౌను అడిగినామె మీకు ఫోటో పంపిందా?"

"ఆఁ, పంపిందమ్మా. నీ పేజీలోదే. నువ్వు మానేశావంట కదా? నడుం నొప్పి, మిషను తొక్కలేకపోతోందని చెప్పాడు తమ్ముడు. ఇప్పుడెలా ఉంది?"

"నాకు నడుం నొప్పి లేదు వదినా. ఎప్పుడూ లేదు."

అటునుంచి కుక్కరు కూత వినపడింది.

"నీకోసారి ఫోన్ చేసి అడగాల్సింది" అంది శాంతి. గొంతు చిన్నదైంది. "అడుగుదామనే అనుకున్నా. చెయ్యి రాలేదు. నువ్వు మానేశావంటే... నిజం చెప్తున్నా కృపా, నాకు కాస్త ఊపిరొచ్చినట్టైంది. ఆ కంకులు నాకు నీలా రావు. ఎన్నిసార్లు విప్పి కుట్టినా తాలుగింజల్లాగే ఉంటాయి."

కోపం రావాల్సింది. వచ్చింది కూడా. దాని వెనకే, చెప్పుకోకూడని తీపి ఒకటి గొంతులోకి దిగింది. తనని చూసి కూడా ఒకరు కుళ్ళుకున్నారు.

"కంకులు అడిగిన వాళ్ళ నంబర్లు నాకు పంపండి వదినా. అందరివీ" అంది.

"పంపుతా" అంది శాంతి, ఇంకో మాట లేకుండా.

పైకి వచ్చి మళ్ళీ ఆమె పేజీ తెరిచింది కృప, నాలుగోసారి. ఎండనీ, దుప్పటినీ, దుప్పటి వెనక వేళ్ళనీ చూసి చూసి కళ్ళు మండించుకుంది కానీ, పై వరసలో ఉన్నదాన్ని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. శాంతి వదిన పేజీ మీద ఉన్నది శాంతి వదిన నంబరే. అసలు కుళ్ళుకోవాల్సింది అక్కడ.

బట్టల గుట్ట అలాగే ఉంది. అలాగే వదిలేసింది. ట్రంకు పెట్టెలోంచి తెల్లగౌను తీసి, చౌడమ్మని మిద్దె మీదికి లాక్కెళ్ళింది. "నా చెయ్యి లాగుతా ఉండాది, బేగ తియ్యమ్మా" అని గొణుగుతూ చౌడమ్మ తెల్లదుప్పటి పట్టుకుంది. కుందలహళ్ళిలో కూడా మిద్దె మీద ఎండ బాగానే ఉంటుంది.

ఆరింటికి సాల్మన్ వచ్చాడు. కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, చౌడమ్మ ఫోన్ నుంచి తన ఫోన్‌కి పంపుకున్న మెసేజ్‌ని చూపించింది. అతని ముఖంలో రంగు మారి, మళ్ళీ మామూలైంది.

"ఓ, అదా" అన్నాడు. "మొదట్లో నేనే మాట్లాడదామని చూశాను. ఒక్కొక్కళ్ళూ ముప్పై డౌట్లు. సైజేంటి, క్లాతేంటి, లైనింగ్ గుచ్చుకుంటుందా... కాల్స్ మధ్యలో నాకు కుదిరే పనేనా? అక్కకి పంపేశా. ఎవరికి పోతే ఏంటి, మనింట్లోదే కదా! నీకూ పాపతో, ఇంటితో ఊపిరాడదు. నీ మంచికే కృపా."

"నన్ను ఒక్కమాట అడగొచ్చు కదండీ."

"అడిగితే చేస్తానంటావు కదా!" అన్నాడు సాల్మన్.

అది విసుగులో జారిన మాట. జారాక అతనికే వినపడింది. కప్పులోకి చూశాడు. "చక్కెర ఎక్కువైంది" అన్నాడు నెమ్మదిగా.

కృప వాదించలేదు. పదేళ్ళలో అతను చెప్పిన మాటల్లో ఇంత తిన్నని మాట ఇంకొకటి లేదు. చేస్తానంటుంది. అదే అతని భయం. వంటింట్లోకి వెళ్ళి, మిద్దె మీద తీసిన ఫోటోలతో, మధ్యాహ్నం మొదలుపెట్టిన కొత్త పేజీలో మిగిలిన పని పూర్తిచేసింది. పేరు: 'కృప కుట్టే ప్రతిష్ఠ గౌన్లు, కుందలహళ్ళి'. నంబరు దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. రకరకాల వెధవలు ఫోన్ చేస్తారు. చేస్తే పెట్టేస్తుంది. ఫోన్ పెట్టేయడం ఎవరికి రాదు?

తన నంబరే కొట్టింది.

తర్వాత ఇంకో మెసేజ్ రాసింది. హాల్లో సాల్మన్ ఫోన్ టింగుమంది. అలవాటు ప్రకారం చేతిలోకి తీసుకుని చదవడం మొదలుపెట్టాడు.

"నమస్కారం అండి. మీ పేజీలో నంబరు తప్పు పడింది. కుట్టే ఆమె ఆరోగ్యంగానే ఉంది. ఆమె పేరు కృప. ఇకనుంచి ఎవరడిగినా ఈ నంబరుకి పంపండి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక."