పెదవులు చూసే పిల్ల

విమలమ్మ కూతురు సరస్వతికి సరిగా వినపడదని ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలిసే వీలూ లేదు. వరంగల్‌లో వాళ్ల ఇల్లూ మరమగ్గాల షెడ్డూ ఒకే కప్పు కింద ఉండేవి. మగ్గాలు తిరుగుతుంటే పక్కన నిలబడి అరిచినా మాట అందదు. అందుకని ఇంటిల్లిపాదీ ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకునేవాళ్లు. పిల్లా అంతే అనుకున్నారు.

బడిలో అలా కుదరలేదు. రామలింగం సారు బోర్డు వైపు తిరిగి చెప్పిన లెక్క ఆమెకు ఒక్కనాడూ అందలేదు. పెడసరం పిల్ల అనుకుని ఆయన చెంప మీద కొట్టేవాడు. ఏడుస్తూ ఇంటికొస్తే, చదువు మీద ధ్యాస పెట్టమని విమలమ్మ కూడా కసిరేది.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు బడిలో పిల్లల చెవులు చూడడానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. తల్లులనూ రమ్మన్నారు. పేరడిగితే సరస్వతి చెప్పింది. తరగతి అడిగినా చెప్పింది. విమలమ్మ మనసు కుదుటపడింది. అప్పుడు డాక్టరమ్మ నోటికి అట్ట అడ్డం పెట్టుకుని మళ్లీ అడిగింది. పిల్ల అట్టనే చూస్తూ నిలబడింది. గొంతు పెంచితే ఉలిక్కిపడింది గానీ మాట అందలేదు. గోడ పక్కనున్న రామలింగం సారు తల దించుకున్నాడు.

చెవిలోకి లైటు వేసి చూస్తే చీము, కర్ణభేరికి చిల్లు. చెవిలో నూనె, పసరు, పుల్ల ఏదీ పెట్టొద్దనీ, నీళ్లు పోనీయొద్దనీ, వెంటనే పెద్ద దవాఖానకు తీసుకురమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. మిగిలిన వినికిడినైనా కాపాడుకోవచ్చంది.

భర్త బుచ్చిరాములు దసరా గిరాకీ పోయాక వెళ్దామన్నాడు. విమలమ్మ కాదనలేదు.

పండగ ముందే చెవిపోటు ముదిరింది. పిల్ల గిలగిల్లాడుతుంటే అత్త లచ్చవ్వ నూనె కాచి తెచ్చింది. డాక్టరమ్మ వద్దన్నదని విమలమ్మ అడ్డం పడింది.

“నా పిల్లలందరికి పోసిన. ఎవలకేమైంది? పోరి తన్లాడుతాంది, జర తల పట్టుకో.”

విమలమ్మ తల పట్టుకుంది.

తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. మెడ కర్రలా బిగుసుకుపోయింది. బుచ్చిరాములు రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాడు. చీము విషం మెదడు పొరలకు ఎక్కిందన్నారు డాక్టర్లు. ఇన్నాళ్లూ ఎందుకు ఆగారని అడిగారు.

పిల్ల బతికింది. కళ్లు తెరిచిన రోజు వార్డు నిండా జనం, పక్క మంచం మీద పసివాడి ఏడుపు.

“అమ్మా, అందరు పండుకున్నరా? సప్పుడే లేదు,” అంది సరస్వతి.

“లేదు బిడ్డా,” అనబోయింది విమలమ్మ. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. పిల్లకు ఆ తేడా తెలియలేదు.

ఆ తర్వాత రామలింగం సారు ఒకసారి ఇంటికి వచ్చాడు. ముందు వరసలో కూర్చోబెట్టుకుంటానన్నాడు. సరస్వతి కొన్నాళ్లు వెళ్లి మానేసింది. ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు చుట్టసాగింది.

లచ్చవ్వ ఆ నూనె సంగతి ఎన్నడూ ఎత్తలేదు. మరుసటి వానల్లో సరస్వతి చెల్లెలి చెవి కారింది. విమలమ్మ చూసేలోపే ముసలామె పిల్లను చంకనేసుకుని వాకిట్లో నిలబడి ఉంది.

“దవాఖానకు పోదాం పా,” అంది, కోడలి ముఖం చూడకుండా.

విమలమ్మ మగ్గం ఆపి, చెప్పులేసుకుని వెనకే నడిచింది.