అన్యభాషలో ఒక పాట

తమ ఇంట్లో జరిగే శుక్రవారం ఆరాధనకు వచ్చే నలభై మందికి పులావు వండే పని మరియకుమారికి ఎవరూ అప్పగించలేదు. గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో కాపురం పెట్టిన మొదటి వారం, డ్యూటీ దిగి ఆకలితో వచ్చిన నలుగురు నర్సులకు తనే ఇష్టంగా వండిపెట్టింది. నాలుగేళ్లలో ఆ నలుగురూ నలభై మందయ్యారు, ఇష్టం కాస్తా డ్యూటీ అయింది. ఆరు రోజులు హాస్పిటల్, ఏడో రోజు వంటగది. ముందు గదిలో భర్త కృపాకర్ హార్మోనియం పెట్టుకుని పాటలు నడిపిస్తుంటే, ఆమె ఉల్లిపాయలు తరుగుతూ, మధ్యమధ్య చేతులు తుడుచుకుని వచ్చి వెనక వరసలో నిలబడేది.

నిలబడేదే, పాడేది కాదు. ఆమెది కింది స్థాయిలో పలికే బరువైన గొంతు. నరసాపురంలో చిన్నప్పుడు సండే స్కూల్లో ఆమె అందుకుంటే పెద్దవాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు. పెళ్లయిన కొత్తలో కృపాకర్ నవ్వుతూనే అన్నాడు, "నీది మగగొంతు మరియా, మిగతా ఆడవాళ్లతో కలవదు. నువ్వు పెదాలు కదుపు, చాలు." మా కోడలికి పాట రాదు గానీ చెయ్యి మంచిదని అత్తగారు చుట్టాలకి చెప్పుకునేది. ఆరేళ్లుగా మరియ పెదాలే కదుపుతోంది. దేవుడి ముందు నిలబడి అబద్ధమాడుతున్నట్టుండేది. మొగుడి మాట వింటున్నానుగా, అదీ భక్తేలే అని తనకు తనే సర్దిచెప్పుకునేది.

ఎనభై ఆరు వేసవిలో ఆమె వార్డుకి గ్రసియేలా వచ్చింది. అర్జెంటీనా మనిషి, చమురు బావుల ఇంజనీరు భార్య. కారు ప్రమాదంలో తొడ ఎముక విరిగింది. కాలికి బరువులు కట్టించుకుని ఆరు వారాలు మంచం మీదే ఉండాలి. ఒకరోజు పొద్దున మరియ ఆమె ఒళ్లు తుడుస్తుంటే దిండు పక్కనున్న టేప్ రికార్డర్‌లో పాట మొదలైంది. డ్రమ్ములు, చెవులు చిల్లులుపడేలా గిటారు, వాటి మీదుగా ఒక ఆడగొంతు. కింది స్థాయి గొంతే. మరియ చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. ఆమె ఎరిగిన పాటల్లో ఆడవాళ్లు బతిమాలేవారు, ఎదురుచూసేవారు, పోయినవాణ్ణి తల్చుకుని ఏడ్చేవారు. ఈమె ఎవర్నీ ఏమీ అడగడం లేదు. మధ్యలో గొంతు జీరపోయింది. దాన్ని దాచుకోకుండా, జీరపోయిన చోటే ఇంకా గట్టిగా పాడింది. భాష ఒక్క ముక్క తెలీదు, అయినా మరియకి మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

ఆ పాడే మనిషి ఎందుకు ఏడుస్తోందని మరియ అడిగింది.

"ఏడవడం లేదు సిస్టర్," అంది గ్రసియేలా తన వచ్చీరాని ఇంగ్లీషులో. "కోపం."

తమ దేశాన్ని సైనికులు ఏలిన ఏళ్లలో ఇలాంటి పాటలు రేడియోలో రానిచ్చేవారు కారని, తలుపులు మూసుకుని వినేవాళ్లమని చెప్పింది. నోరు మూయించాలని చూసినవాళ్లకి ఈ పాట జవాబట. ఆ ఆరు వారాల్లో దుప్పట్లు మారుస్తూ, మందులిస్తూ మరియ పాటంతా నేర్చుకుంది. పలకడం తప్పితే గ్రసియేలా దిద్దేది. ఇంత గొంతు పెట్టుకుని గుసగుసలాడతావెందుకని తిట్టేది. ఒకసారి ముదీర్, అంటే వార్డు మేనేజరు, వచ్చి, నర్సన్నాక అడుగుల చప్పుడు కూడా వినపడకూడదని చెప్పి వెళ్లాడు. ఆయన గుమ్మం దాటగానే గ్రసియేలా వాల్యూం పెంచింది. ఇంటికి వెళ్లే రోజు ఆ క్యాసెట్టు తీసి మరియ యూనిఫాం జేబులో పెట్టేసింది.

ఇంట్లో ఆ పాట వింటూ వండుకుంటుంటే కృపాకర్ రెండుసార్లు వచ్చి ఆపాడు. విశ్వాసుల ఇంట్లో ఈ కేకలేంటన్నాడు. మూడోసారి ఆపలేదు. సెప్టెంబరులో ఒక గురువారం మధ్యాహ్నం ఆమె డ్యూటీ నుంచి వచ్చి క్యాసెట్టు వేసేసరికి హార్మోనియం వినిపించింది. వెనక్కి తిప్పి చూసింది. రెండో వైపూ వేసింది. మొదటినుంచి చివరిదాకా క్రితం శుక్రవారం పాటల రిహార్సలే. కృపాకర్ గొంతు, మిగతా ఆడవాళ్ల సన్నటి గొంతులు, మూడో చరణంలో ప్రెషర్ కుక్కర్ విజిల్. ఆ టేపు మొత్తంలో మరియకుమారి ఉన్నది ఆ విజిల్ ఒక్కటే.

ఆమె అడిగితే కృపాకర్ పేపర్లోంచి తల ఎత్తలేదు. కొత్త క్యాసెట్లు అయిపోయాయన్నాడు.

"నన్నొక మాట అడగాల్సింది."

"దేవుడి పాటలకి నీ పర్మిషన్ కావాలా?" అన్నాడు.

ఆమె వంటగదిలోకి వెళ్లింది. గిన్నెలు కడుగుతూ ఆ పాటని మనసులో మొదటినుంచి అనుకుంది. ఒక్క మాట కూడా తప్పిపోలేదు.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. తోటి నర్సు దయారాణి తన తమ్ముడి ఉద్యోగం గురించి చెప్పి కూర్చుంది. మరియకుమారి కొంగుకి చేతులు తుడుచుకుని, వెనక వరసలోంచి నడిచి ముందుకొచ్చి నిలబడింది. కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

మొదటి చరణంలో గొంతు వణికింది. ఆరేళ్లు వాడని గొంతు మరి. రెండో చరణానికి అది పొట్టలోంచి లేచింది. ఆ చిన్న గదిలో కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. జీరపోవాల్సిన చోట జీరపోయింది. ఆమె దాచుకోలేదు. నోరు నొక్కుకున్న ఆరేళ్లూ, అడుగుల చప్పుడు కూడా వినపడకూడదన్న వార్డూ, అడక్కుండా చెరిపేసిన టేపూ అన్నీ అందులోంచి వెళ్లాయి. ఎక్కడో ఒకరు ఏడవడం వినిపించింది. తర్వాత "స్తోత్రం, స్తోత్రం" అని ఒక్కొక్కరే అందుకున్నారు.

కళ్లు తెరిచేసరికి సంఘపెద్ద జకరయ్య చేతులెత్తి నిలబడి ఉన్నాడు. చెంపల మీద కన్నీళ్లు. పరిశుద్ధాత్మ దిగివచ్చి, తెలియని భాషల్లో పలికించడం ఆ సంఘం ఏళ్లుగా ప్రార్థిస్తున్న వరం. ఇంతవరకూ ఎవరికీ దక్కలేదు.

"అమ్మా, అన్యభాష నీకు దయచేశాడు," అన్నాడాయన. "ఆత్మే కదమ్మా నీచేత పాడించింది?"

పాటేదో తెలిసినవాడు ఆ గదిలో కృపాకర్ ఒక్కడే. హార్మోనియం మీద చేతులు బిగించి ఆమెనే చూస్తున్నాడు. ఒప్పుకో, తల ఊపు, అని ఆ కళ్లు బతిమాలుతున్నాయి. తల ఊపితే ఎంత సుఖమో ఆమెకూ తెలుసు. ఇక ముందు వరసే ఆమెది. వంటగదిలోకి వెళ్లనివ్వరు. ఆ గొంతుని ఇంకెవరూ మగగొంతు అనరు, ఎందుకంటే అప్పుడది ఆమెది కాదు.

దయారాణి కళ్లు తుడుచుకుంటూ ఆమెకేసి చూసింది. జకరయ్య పెద్దవాడు, మంచివాడు. ఆయన్ని నొప్పించాలని ఆమెకు లేదు. అందుకే నెమ్మదిగా, అందరికీ వినబడేలా చెప్పింది.

"ఇది స్పానిష్ పాట అయ్యగారూ. ఒక ఆడమనిషి కోపంతో పాడింది, నేను కష్టపడి నేర్చుకున్నాను. నాచేత ఎవరూ పాడించలేదు. నేనే పాడాను."